ఈ చలికాలం సుఖమేనా?

డిసెంబర్ 22

ఈ రోజుతో చలికాలపు మొదటి తొమ్మిది మొదలు. తొమ్మిదేసి రోజుల తొమ్మిదులు తొమ్మిది దాటితే గాని నేల కంటపడదు. వాయవ్యపు గాలి. మొన్న అకాలంగా పడ్డ వాన గడ్డి మీదే గడ్డకట్టి, దాని మీద మంచు కురిసి, మైదానమంతా అద్దం పరిచినట్టుంది. గొర్రెలు గిట్టలతో గీకుతున్నాయి. అద్దం పగలడం లేదు.

పొరుగు కాపరి గొంబో అప్పుడే దీన్ని ఇనుప జుద్ అంటున్నాడట. పచ్చిక మీద ఇనుపమూత పడి మంద ఆకలితో పోయే కాలానికి పెట్టిన పేరది. పెద్దవాళ్ళు ఆ మాట ఊరికే నోట రానిచ్చేవాళ్ళు కాదు. గొంబోది చిన్న మంద, చిన్న గుండె.

నేను వేయిపశువుల కాపరిని. ఆ బిరుదుతో జిల్లా వాళ్ళిచ్చిన పతకం పెట్టె మీద బుద్ధుడి పటం పక్కనే ఉంది. ఇలాంటి చలికాలాలు చూశాను.

ఫర్వాలేదు.

డిసెంబర్ 27

గొంబో వచ్చాడు. గుమ్మం దాటి, టోపీ సర్దుకుని, కూర్చుని, మర్యాదగా పొడుం సీసా నా చేతికిచ్చాడు.

"చలికాలం సుఖంగా గడుస్తోందా అన్నా?"

"సుఖంగానే. నీకు?"

"సుఖంగానే."

"మంద బలిసిందా?"

"బలిసింది. మీది?"

"బలిసే ఉంది."

బయట వాడి గుర్రం పక్కటెముకలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. మా దొడ్డి వెనక నా భార్య దుల్మా ఉదయం ఈడ్చిపడేసిన గొర్రెలు వాడికీ కనబడే ఉంటాయి. అయినా మా తాతముత్తాతలు ఇలాగే అడిగారు, ఇలాగే చెప్పారు. చావు గుమ్మంలో కూర్చున్నా ముందు సుఖమనే అనాలి. చెడ్డమాట విన్న చెడు లోపలికి వస్తుంది.

టీ తాగాక గొంబో నసిగాడు. "మన రెండు మందల్నీ ఒక దొడ్డిలో కట్టేద్దామన్నా. ఒకదాన్నొకటి ఆనుకుని వెచ్చగా ఉంటాయి. నేనూ ఒంటరిగాణ్ణి. రాత్రిళ్ళు కాపలాకి ఇద్దరం ఉంటాం."

చూద్దాంలే అన్నాను. వాడి గొర్రెలకు గజ్జి ఉందేమోనని నా అనుమానం. అందుకే.

వాడు వెళ్ళాక దుల్మా గిన్నెలు కడుగుతూ, "గజ్జి పొట్టేలుకి ఉందో కాపరికి ఉందో" అంది. నేను వినపడనట్టే ఉన్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే.

జనవరి 3

అమ్మ ఈ రోజు కూడా మొదటి టీ ఆకాశానికి చల్లింది.

ఆమెకు కళ్ళు దాదాపు లేవు. గుడారం తాడు పట్టుకుని బయటికి వెళ్ళి, చెక్క గరిటెతో నాలుగు దిక్కులకూ చల్లి, పెదవులు కదిపి, మళ్ళీ తాడు పట్టుకుని వస్తుంది. నేను పుట్టకముందు నుంచీ ఇదే. ఆవు వట్టిపోయింది, టీలో పాలు పేరుకే ఉన్నాయి. ఆ ఉన్న కాసిని కూడా గాలికి పోస్తుంటే ఓర్చుకోలేకపోయాను.

"అమ్మా, అది కింద పడేలోపే గడ్డకడుతోంది. ఆకాశం దాకా ఏం పోతుంది?"

"పోకపోతే పోనీ. నేను ఇవ్వడం మానేస్తే నాకు లోటు గాని ఆకాశానికేం లోటు?"

"మనకేమిచ్చిందని?"

"నిన్నిచ్చింది కదరా" అని నవ్వింది. నవ్వు దగ్గుగా మారింది. ఆ దగ్గు నాకు నచ్చలేదు.

జనవరి 9

ఇకపై చచ్చినవాటి లెక్క రాయను.

జనవరి 14

చచ్చినవాటికి తోలు తీయడం మానేశాం. చేతులు రావడం లేదు. బిగుసుకుపోయినవాటిని దొడ్డికి వాయవ్యం వైపు గోడలా పేర్చాం, గాలికి అడ్డు. బతికినవి ఆ గోడ చాటున నిలబడుతున్నాయి. దుల్మా పేరుస్తున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. దుల్మా మాట్లాడకపోవడం నాకు చలికంటే భయంగా ఉంది.

ఫర్వాలేదు. ముందున్నది నాలుగో తొమ్మిది. నాలుగేళ్ళ ఎద్దు కొమ్ము విరిగిపడే చలి అంటారు. అది దాటితే మెత్తబడుతుంది.

జనవరి 15

చలి.

జనవరి 24

గడ్డి లారీ వస్తుందని రేడియో చెప్పి పది రోజులు దాటింది. కనుమ మూసుకుపోయిందట. ఇప్పుడు రేడియో పాటలు వేస్తోంది.

ఈ రోజు పొద్దున ఎండ వచ్చింది. వేడి లేని ఎండ, అయినా ఎండ. అమ్మను బయట కంబళి మీద కూర్చోబెట్టాను. నేను గొర్రెల కళ్ళ మీది మంచు తుడుస్తున్నాను. పైన నీలం. మబ్బుతునక లేదు. దాన్ని చూస్తే కోపం వచ్చింది. కింద ఇంత చావు జరుగుతుంటే పండగ బట్టలేసుకున్నట్టు ఉంది.

"అమ్మా, ఒక మాట అడుగుతాను. ఇంత ఆకాశం. దాని వెనక ఇంకెంత ఉందో, ఎన్ని చుక్కలున్నాయో ఎవడికీ తెలియదు. దానికి ఈ మూల ఉన్న మన దొడ్డి కనబడుతుందా? నిజం చెప్పు."

అమ్మ కంబళి అంచు దగ్గరికి లాక్కుంది.

"నువ్వు పుట్టినప్పుడు కూడా ఇదే గుడారం. అరచేయంత ఉన్నావు, ఏడవడానికి కూడా ఓపిక లేదు. బయట మీ నాన్న, మంద, కొండ, ఇంత పెద్ద లోకం. నేను వాటి వంక చూశాననుకున్నావా?"

"అది తల్లి ప్రేమ, వేరు."

"వేరో కాదో నాకు తెలియదు. పెద్దవాళ్ళే వంగి చిన్నవాళ్ళని చూడాలి. చిన్నవాడికి పెద్దదంతా ఎలా కనబడుతుంది, కళ్ళు చాలొద్దూ? నీకు కనబడలేదని దానికి నువ్వు కనబడవనుకోకు." చెవి దొడ్డి వైపు పెట్టి, "చుక్కల సంగతి నాకెందుకులే. ఆ మూల గొర్రె దగ్గుతోంది, చూడు" అంది.

చూశాను. సాయంత్రానికి అది పోయింది.

అమ్మ మాటలు బాగుంటాయి. మాటలతో మంద బతకదు.

ఫిబ్రవరి 14

తెల్లమాసం పండగ, మా కొత్త సంవత్సరం. బల్ల మీద పెట్టడానికి కొవ్విన గొర్రె వెన్నుభాగం కావాలి. ఆ కొవ్వు ఎంత మందమో చూసి వచ్చినవాళ్ళు ఇంటి యోగ్యత కడతారు. నిరుడు మా బల్ల మీది వెన్ను గురించి జిల్లా కేంద్రం దాకా చెప్పుకున్నారు. ఈ ఏడు బలిసిన గొర్రె కాదు కదా, నిలబడగల గొర్రెకి వెతుక్కోవాలి.

దుల్మా ఎండుపెరుగు ముక్కలు, పాతబడిన రొట్టెలు పేర్చింది. నేను కొత్త అంగీ వేసుకుని పతకం పెట్టుకున్నాను. ఎవరూ రాలేదు. దారి లేదు కాబట్టి రాలేదు.

అమ్మ చేతుల కింద చేతులు పెట్టి నమస్కరించాను. ఆమె నా రొమ్ము తడిమి పతకం తగిలితే, "ఇదేమిట్రా ఇంత చల్లగా ఉంది?" అంది.

ఫిబ్రవరి 17

ఆడగుర్రాలు కనబడటం లేదు. తుఫాను గాలికి తూర్పుగా కొట్టుకుపోయి ఉంటాయి. గొర్రెలు పోయినా గుర్రాలుంటే మనిషి మళ్ళీ లేవగలడు. రేపు వెళ్తాను.

దుల్మా వద్దంది. రెండుసార్లు వద్దంది. మూడోసారి అనలేదు. గోధుమ గుర్రం జీను సిద్ధం చేసి పెట్టింది.

ఫిబ్రవరి 23

తిరిగొచ్చాను. వేళ్ళు ఇంకా సరిగా ముడుచుకోవడం లేదు, అక్షరాలు వంకరగా పడుతున్నాయి. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మొదటి రోజంతా జాడలు దొరికాయి. రెండో రోజు మధ్యాహ్నం మంచు లేచింది. ముందు గుర్రం చెవులు కనబడకుండా పోయాయి, తర్వాత నా చేతులు. కింద తెలుపు, పైన తెలుపు. నేల ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో గీత లేదు. దిగి, కళ్ళెం మణికట్టుకు చుట్టుకుని నడిచాను. ఎటో తెలియదు.

గాలి ఉన్నట్టుండి తగ్గింది. అవి నా ఎదురుగానే ఉన్నాయి. ఒక వాగు మలుపులో అన్నీ ఒకచోట చేరి, తలలు లోపలికి పెట్టుకుని, పిల్లల్ని మధ్యలో ఉంచుకుని. నిలబడే ఉన్నాయి. పిలిచాను. నా ఎర్రమచ్చ గుర్రం నా గొంతు వింటే తల తిప్పకుండా ఉండదు. దగ్గరికి వెళ్ళి మెడ మీద చెయ్యి వేశాక గాని తెలియలేదు.

నిలబడే పోయాయి.

వాటి పక్కన కూర్చున్నాను. లేవాలని అనిపించలేదు. ఈ మాట దుల్మాకి చెప్పలేదు, చెప్పను. ఏడుపు రాలేదు. ఇక చాలు అనిపించింది, అంతే. పగలంతా పని చేసినవాడు పక్క మీద ఒరిగినట్టు.

అప్పుడు మబ్బు విడిపోయింది. నీలం బయటపడింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క కొండ అడ్డు లేని చోటది. అంత ఆకాశాన్ని నా జన్మలో చూడలేదు. మంచు మీద నేనూ నా గుర్రమూ రెండు మచ్చలం. చెయ్యెత్తి, నేను వేయిపశువుల చోయిజిల్‌ని అని చెబుదామంటే ఎవరికి చెప్పాలి? ఆ మాట అంత నిశ్శబ్దంలో ఎంత చిన్నగా వినిపిస్తుందో తలచుకున్నాను. నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. నవ్వితే పెదవి పగిలి రక్తం కారింది.

చిత్రం ఏమంటే, అంత చిన్నవాణ్ణని తెలిశాక భయం పోయింది. మోయాల్సిందేదో జారిపోయినట్టుంది. ఏం జారిందో ఇప్పుడు రాయబోతే మాట దొరకడం లేదు.

గుర్రానికి పొగ వాసన తగిలినట్టుంది. నన్ను లాక్కుంటూ బయలుదేరింది. దాని తోక పట్టుకుని వెనక నడిచాను.

గుట్ట వెనక నల్లబడ్డ చిన్న గుడారం. ముసలిదంపతులు, ఒక కుక్క, లోపలే కట్టేసుకున్న నాలుగైదు మేకలు. ముసలమ్మ పేరు యంజ్మా. ఆ పేరు కూడా మర్నాడే తెలిసింది. ఎవరివి, ఏ ఊరివి అని ఆమె అడగలేదు. పొయ్యి పక్కన కూర్చోబెట్టి వేడి టీ చేతిలో పెట్టి, ఎవరైనా అడిగేదే అడిగింది.

"చలికాలం సుఖంగా గడుస్తోందా నాయనా?"

నోరు తెరిచాను. సుఖంగానే అన్న మాట నాలుక చివరే ఉంది. రాలేదు.

"లేదమ్మా" అన్నాను.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. మూల నుంచి ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచాడు. "ఏమంటున్నాడు?"

"లేదంటున్నాడు!"

"ఏం లేదంట?"

"ఏమీ లేదంట!"

ముసలాయన చెవి మీంచి చెయ్యి తీశాడు. "అయితే ఇంకో రెండు ముక్కలు మాంసం వెయ్యవే!" అని అరిచాడు.

నేను ఏడ్చాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, తెలియనివాళ్ళ పొయ్యి ముందు, ముక్కు తుడుచుకోవడం కూడా తెలియకుండా. గొర్రెలు, ఆవు, గుర్రాలు, దుల్మా మౌనం, అన్నీ చెప్పాను. వాళ్ళు ఓదార్చలేదు. యంజ్మా నా బూట్లు లాగింది. నా పాదాలు తెల్లగా, చెక్కల్లా ఉన్నాయి. ఆమె అంగీ గుండీలు విప్పి ఆ పాదాలు రెండూ తన పొట్టకు ఆనించుకుని పైన అంగీ కప్పేసింది. చలికి ఆమె ఒళ్ళంతా జలదరించింది.

వెనక్కి లాక్కోబోయాను. నావి మురికి కాళ్ళు. ఆమె నా తల్లి ఈడుది.

"కదలకు. వేళ్ళు రాలిపోతే మీ అమ్మకి నేనేం చెప్పాలి?"

"మా అమ్మ నీకు తెలియదు కదా?"

"తెలియకపోతే? నీకు తల్లి ఉండదా?"

అలా ఎంతసేపో. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత నొప్పి మొదలైంది, అరిచేంత నొప్పి. నొప్పి వస్తే మంచిదేనంది ఆమె. మేకలు నెమరేస్తున్నాయి. ఆ ఇంట్లో ఉన్న మాంసమంతా ఆ నాలుగు ముక్కలేనని కుండలోకి తొంగి చూస్తే తెలిసింది.

మర్నాడు వాళ్ళు నన్ను వెళ్ళనివ్వలేదు. ఆ తర్వాతి రోజూ వెళ్ళనివ్వలేదు. నడవగలిగాక బయలుదేరాను. సగం దారిలో గుర్తొచ్చింది, నేను వేయిపశువుల కాపరినని వాళ్ళకు చెప్పడం మరచిపోయాను.

ఫిబ్రవరి 24

నిన్న నేను గుమ్మంలోకి రాగానే దుల్మా నన్ను కొట్టింది. తర్వాత తిట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఆమె నోరు తిరిగొచ్చింది.

అమ్మ మంచం దిగడం లేదు. దగ్గు లోపలికి దిగింది.

ఆకాశానికి ప్రేమ ఉంటుందని అమ్మ అంటుంది. నాకింకా తెలియదు. ఒక ముసలమ్మ పొట్ట వెచ్చదనం మాత్రం తెలుసు. అది నాకు రావాల్సింది కాదు. నేను సంపాదించింది కాదు. అయినా వచ్చింది.

ఫిబ్రవరి 28

గొంబో దగ్గరికి వెళ్ళాను. నేనే.

"చలికాలం సుఖంగా గడుస్తోందా అన్నా?" అన్నాడు వాడు, పొయ్యిలో పిడకలు వేస్తూ.

"లేదురా. మంద పోయింది. గుర్రాలు పోయాయి. అమ్మకి బాగాలేదు."

వాడు చేతిలో పిడక కింద పెట్టాడు. ఇటు తిరిగేసరికి కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు. "అమ్మయ్య, అన్నా! రెండు నెలలుగా సుఖం సుఖం అని చెప్పి చెప్పి నా దవడలు పడిపోయాయి. నాదీ పోయింది. మిగిలినవాటిని కుక్క ఒక్కటే కాసుకోగలదు."

"అయితే తోలుకురా. మా దొడ్డిలో చోటుంది."

"గజ్జి అన్నావంట కదా?"

"ఎవరు చెప్పారు?"

"వదిన."

మార్చి 6

గొంబో మంద, గుడారం, కుక్క వచ్చేశాయి. కొండల తలలు నల్లబడ్డాయి. పైన మంచు కరుగుతోంది. ఇప్పుడే అసలు భయం. చలికాలమంతా ఈదిన గొర్రెలు ఒడ్డుకొచ్చాక పడిపోతున్నాయి.

వాడితో కలిసి చచ్చినవాటిని లాగుతుంటే వాడు పిచ్చి కబుర్లు చెబుతూనే ఉంటాడు. పక్కన ఒక గొంతు ఉంటే బరువు తగ్గుతుందని ఇన్నాళ్ళూ తెలియలేదు నాకు.

మార్చి 7

అలసట. ఎంత పడుకున్నా తీరదు.

మార్చి 15

చేతులకు పేడ వాసన పోలేదు. అయినా రాస్తాను.

తెల్లవారుజామున మా గొర్రె ఒకటి ఈని పడిపోయింది, మళ్ళీ లేవలేదు. పిల్ల బతికింది. నల్లతల, తక్కినదంతా తెలుపు. అదే పూట గొంబో గొర్రెకు చచ్చిన పిల్ల పుట్టింది. తల్లి లేని పిల్ల ఒకటి, పిల్ల లేని తల్లి ఒకటి. పిల్లని ఆ గొర్రె దగ్గర పెట్టాం. అది వాసన చూసి కాలితో తన్నింది. మళ్ళీ పెట్టాం. కొమ్ముతో నెట్టింది. ఆకలికి దాని పొదుగు ఎండిపోయింది, మనసూ ఎండిపోయింది. దాన్ని ఏమనగలం?

ఇలాంటప్పుడు మా ఆడవాళ్ళు గొర్రె పక్కన కూర్చుని పాడతారు. పాట అంటే మాటలేం ఉండవు. తోయిగ్, తోయిగ్, తోయిగ్ అని ఒకే పిలుపుని సాగదీసి, బతిమాలి, జోకొట్టి, అది కరిగి పొదుగులోకి పాలు చేపేదాకా. మా వైపు అమ్మకి మించిన గొంతు లేదు. ఇప్పుడా గొంతులో ఊపిరే సరిగా ఆడటం లేదు.

దుల్మా కూర్చుంది. పొద్దెక్కేదాకా పాడింది. గొర్రె గోడ వంకే చూస్తూ నిలబడింది. పిల్ల అరుపు సన్నగిల్లుతోంది. ఉన్నట్టుండి దుల్మా పాట మధ్యలో తెగింది. చలికాలమంతా ఏడవని మనిషి పేడ మీద కూలబడి భోరుమంది.

"నా వల్ల కాదయ్యా. నాలో ఏం మిగల్లేదు. దానికి నేనేం చెప్పి నచ్చజెప్పను? దాని బిడ్డ పోయింది!"

గొంబో లేవదీసి ఆమెను గుడారంలో దింపి వచ్చాడు. పిల్ల నా కాళ్ళ దగ్గర ఉంది.

మగవాళ్ళు ఈ పని చేయరు. చేయగా నేను చూడలేదు. దొడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. గొర్రె పాలు రెండు చుక్కలు పిండి పిల్ల వీపున రాశాను. దాన్ని పొదుగు కింద పెట్టి పట్టుకుని, నోరు తెరిచాను. గొంతు బొంగురు, రాగం రాదు. తోయిగ్ అన్నాను. గొర్రె తన్నింది, నా ముంజేతి మీద. తోయిగ్ అన్నాను.

కాసేపటికి సిగ్గు పోయింది. ఇంకాసేపటికి గొంబో చూస్తున్నాడన్న సంగతి పోయింది. దాన్ని బలవంతం చేయడానికి నా దగ్గర ఏమీ లేదు. గడ్డి లేదు. తన్నితే ఓర్చుకోవడం, మళ్ళీ పిలవడం, అంతే. పాడుతూ పాడుతూ ఒకచోట తెలివి తప్పినట్టయింది. నేను గొర్రెను పిలుస్తున్నానా, నన్నెవరో పిలుస్తుంటే గోడ వంక చూస్తూ నిలబడ్డానా, తేడా తెలియలేదు. ఎన్నాళ్ళ నుంచి పిలుస్తున్నారో. ఎన్నిసార్లు తన్నానో. ఆ గొంతులో కోపం లేదు. విసుగు లేదు. తోయిగ్, తోయిగ్.

నీడలు దొడ్డి దాటేవేళకు గొర్రె తల తిప్పింది. పిల్లని మూతితో తాకింది. తన్నలేదు. గొంతులోపల్నుంచి తల్లిగొర్రెలు పిల్లతోనే మాట్లాడే ఆ చిన్న మూలుగు మూలిగింది. దాని కంటి కింద ఉన్ని తడిసింది. పొదుగు కింద పెట్టిన నా చెయ్యి తడిసింది. చేపింది. పిల్ల రొమ్ము అందుకుని మోకాళ్ళ మీద కూలబడి తాగుతుంటే దాని తోక ఆగకుండా ఊగింది.

నేను లేవలేకపోయాను. అలాగే కూర్చున్నాను.

గుడారం లోపల అమ్మ మేలుకుంది. కంబళి గోడ వెనక నుంచి దుల్మాని అడగడం నాకు వినబడింది.

"ఎవరే అది, పాడింది?"

"నీ కొడుకే అత్తా."

"వాడు కాదు" అంది అమ్మ. "వాడి గొంతు నాకు తెలియదా? వాడు కాదు."

దుల్మా మళ్ళీ చెప్పబోయింది. నేనే వద్దని పిలిచి ఆపాను. అమ్మ చెప్పిందే నిజమై ఉంటుంది.